రెండువందల ఎనభై అడుగులు

కడియంలో పల్లంరాజుగారి నర్సరీలో సత్యకుమారి ఎనిమిదేళ్లు అంట్లు కట్టింది. మామిడి, సపోటా, జామ, ఏదైనా సరే, ఆమె బ్లేడుతో చీల్చి, కొమ్మ పొదిగి, ప్లాస్టిక్ టేపు చుడితే నూటికి తొంభై బతికేవి. పుట్టింది ధవళేశ్వరంలో, చేపలు పట్టే ఇంట్లో. వలలు బాగుచేసే ఇంట్లో పెరిగిన పిల్ల కాబట్టే ఆ వేళ్లకు అంత ఓపిక అని తోటి కూలీలు అనేవారు. ఆమె భర్త సత్తియ్య అదే నర్సరీ నుంచి మొక్కలు ఎత్తుకుని నాగపూర్‌కో జైపూర్‌కో వెళ్లే లారీ నడిపేవాడు. నెలలో వారం రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ.

2007 చివర్లో రాజుగారికి ఓ ఆలోచన వచ్చింది. నర్సరీ వెనక నాలుగెకరాల్లో అమ్ముడుపోని పోక చెట్లు, క్రోటన్లు మనిషెత్తు పెరిగిపోయి ఉన్నాయి. వాటి మధ్య పెయింట్‌బాల్ ఆట పెడితే రాజమండ్రి నుంచీ కాకినాడ నుంచీ జనం వస్తారని ఎవరో చెప్పారు. రెండు జట్లు ముఖాలకు మాస్కులు తగిలించుకుని, గ్యాస్‌తో పేలే గన్‌లతో ఒకరినొకరు కొట్టుకుంటారు. బాల్స్‌లో రంగు ఉంటుంది. ఒంటి మీద రంగు పడ్డవాడు ఆట నుంచి బయటికి. పన్నెండు అద్దె గన్‌లు వచ్చాయి, అన్నీ నల్లవే, చూడ్డానికి నీళ్ల పైపుల్లా ఉండేవి. వాటిని చూసుకోవడానికి మనిషి కావలసివస్తే రాజుగారు ఎవరినీ అడగలేదు. నేరుగా అంట్ల షెడ్డులోకి వచ్చి సత్యకుమారిని పిలిచారు.

హైదరాబాదు నుంచి వచ్చిన మెకానిక్ మూడు రోజులుండి ఆమెకు పని నేర్పాడు. విప్పడం, తుడవడం, లోపలి రబ్బరు రింగులు మార్చడం, గ్యాస్ పట్టడం. దీన్ని గన్ అనకూడదు, మార్కర్ అనాలి అని మొదటి రోజే చెప్పాడు గానీ ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. గేటు దగ్గర చిన్న మిషను ఒకటి బిగించాడు. దాని ముందు గన్ పేలిస్తే బాల్ ఎంత వేగంతో పోతుందో అంకె కనిపిస్తుంది. సెకనుకు రెండువందల ఎనభై అడుగులు దాటకూడదన్నాడు. ప్రతి గన్‌కీ వేగం పెంచే, తగ్గించే మర ఒకటి ఉంటుంది. దాన్ని సరిచేశాక ఎవరూ తిప్పకుండా పైన గోళ్ల రంగు చుక్క పెట్టమన్నాడు.

"మాస్కు అద్దం ఆ వేగం వరకే ఆపుతుందమ్మా," అన్నాడు వెళ్లేముందు. "దాటితే నేను చెప్పలేను. అద్దాలు కూడా ఏడాదికోసారి మార్చాలి. పాతబడితే ఎండకి పెళుసైపోతాయి."

సత్యకుమారి రాజమండ్రిలో ఎర్ర గోళ్ల రంగు సీసా కొనుక్కొచ్చింది. పన్నెండు గన్‌లకూ పన్నెండు చుక్కలు పెట్టింది.

కొన్నాళ్లకే ఆదివారాల్లో జనం పోగవడం మొదలైంది. వాళ్లలో ఎప్పుడూ తప్పనివాళ్లు ఇద్దరు. గణేష్‌బాబుది తణుకు దగ్గర పెద్ద వ్యవసాయ కుటుంబం, ఇప్పుడు చేపల చెరువులు కూడా ఉన్నాయి. ముప్ఫై నాలుగేళ్లుంటాయి. నవ్వుతూ మాట్లాడేవాడు, ఓడిపోతే మాత్రం అసలు మాట్లాడేవాడు కాదు. రెండోవాడు శివరామకృష్ణ, రాజమండ్రిలో పాలిటెక్నిక్ లెక్చరర్. నలభై దాటినా చెట్ల చాటున పిల్లిలా కదిలేవాడు. ఈ ఇద్దరూ ఎప్పుడూ ఎదురెదురు జట్లలోనే ఉండేవారు.

ఫిబ్రవరిలో ఓ ఆదివారం గణేష్‌బాబు సొంత గన్‌తో దిగాడు. సింగపూర్ నుంచి తెప్పించుకున్నాడట, తొంభై వేలయిందట. నీలం రంగు, మీద మంటల్లాంటి ఎరుపు చారలు, బ్యాటరీతో పనిచేసే ట్రిగ్గరు. ఆ రోజు ఆట గంట ఆలస్యంగా మొదలైంది. అందరూ దాన్ని చేతిలోకి తీసుకుని చూసేవాళ్లే.

శివరామకృష్ణ మాత్రం దూరం నుంచే చూసి, ఈ గన్‌లు కొనేవాళ్లు ఎవరైనా కొనేది అందం చూసే, పనితనం పేరు తర్వాత పెట్టుకుంటారు అన్నాడు. గణేష్‌బాబు ఒప్పుకోలేదు. గురి, వేగం, అన్నీ వేరని వాదించాడు. టీలు తాగుతూ ఆ వాదన చాలాసేపు నడిచింది. చివరికి ఎవరో, గన్‌ల సంగతి తెలిసిన మనిషి ఇక్కడే ఉంది కదా, ఆమెనే అడగండి అన్నారు.

సత్యకుమారికి ఇష్టం లేకపోయినా పిలిచాక వెళ్లక తప్పలేదు. చెక్క మీద సుద్దతో గుండ్రంగా గీసి, నలభై అడుగుల దూరం నుంచి నీలం గన్‌తోనూ, పాత అద్దె గన్‌తోనూ పదేసి బాల్స్ కొట్టింది. కొత్తదానివి ఆరు లోపల పడ్డాయి, పాతదానివి ఏడు. గణేష్‌బాబు ముఖం మాడిపోయింది. ఆమె అతని బాల్స్ చేతిలోకి తీసుకుని చూసింది. గోదావరి తేమకు ఉబ్బి ఉన్నాయి. తన డబ్బాలోంచి పొడిగా ఉన్నవి వేసి కొడితే కొత్తదానివి కూడా ఏడు పడ్డాయి.

"గబగబా కొడుతుందండి ఇది. అది నిజమేనండి," అంది. "నేరుగా కొట్టడంలో మాత్రం పెద్ద తేడా లేదండి. తేడా బాల్స్‌లో ఉందండి."

అందరూ నవ్వారు. గణేష్‌బాబూ నవ్వాడు. ఆ తర్వాత అతను ఆమెను పేరు పెట్టి పిలవడం మానేశాడు.

మార్చి నుంచి సత్యకుమారి కొన్ని గమనించసాగింది. ఆట అయ్యాక అందరూ కుళాయి దగ్గర చొక్కాలు విప్పి కడుక్కుంటారు. అంతకుముందు బాల్ తగిలిన చోట టీ గ్లాసు అడుగంత ఎర్రటి గుండ్రం ఉండేది, సాయంత్రానికి పోయేది. ఇప్పుడు కొందరి వీపుల మీద నల్లగా కమిలిన మచ్చలు కనిపిస్తున్నాయి. మధ్యలో చర్మం లేచిపోతోంది. నిడదవోలు నుంచి వచ్చే ఒకాయన పక్కటెముకల దగ్గర దెబ్బ తగిలి పావుగంట ఊపిరందక కూర్చుండిపోయాడు. మర్నాడు తోట శుభ్రం చేస్తుంటే పోక ఆకులకు రంధ్రాలు కనిపించాయి. మామూలుగా బాల్ ఆకు మీద పగిలి రంగు చిమ్ముతుంది. ఇవి ఆకును చీల్చుకుని అవతలికి పోయాయి. ఓ మట్టి కుండీ అంచు విరిగి పడి ఉంది.

తర్వాతి ఆదివారం అందరూ టీ తాగుతుండగా ఆమె బల్ల మీదున్న నీలం గన్ తీసి గేటు దగ్గర పేల్చింది. మిషను మీద మూడువందల నలభై రెండు అని పడింది. అది వచ్చిన రోజే సరిచేసి మర మీద తను పెట్టిన ఎర్రచుక్క గీరేసి ఉంది. ఆమె మర తిప్పి రెండువందల డెబ్భై ఎనిమిదికి తెచ్చి, మళ్లీ చుక్క పెట్టి, తీసిన చోటే పెట్టింది. గంట తర్వాత విరామంలో మళ్లీ చూస్తే మూడువందల యాభై ఒకటి.

తల ఎత్తేసరికి గణేష్‌బాబు ఎదురుగా ఉన్నాడు.

"రెండొందల ఎనభై దాటకూడదండి, బాబుగారు," అంది ఆమె.

"అది అద్దె గన్‌లకి," అన్నాడతను నెమ్మదిగా. "అంతే కొట్టేదానికి నేనింత పెట్టి కొనడం దేనికి?" గన్ ఆమె చేతిలోంచి తీసుకుని, చొక్కాతో ఆమె వేలిముద్రలు తుడుచుకుని వెళ్లిపోయాడు.

అప్పటినుంచి ఆమె ఆటను వేరే కళ్లతో చూసింది. గణేష్‌బాబు గురి ఏమీ పెరగలేదు. కాని చెట్ల మధ్య నీలం రంగు కనిపిస్తే చాలు, అవతలి జట్టువాళ్లు నేలకు కరుచుకుపోతున్నారు. తల ఎత్తేవాడు లేడు. అతను నిటారుగా, తొందర లేకుండా, వాళ్ల మధ్యకు నడిచివెళ్లి ఒక్కొక్కరినీ కొడుతున్నాడు. కొందరు దెబ్బ పడకముందే చేతులెత్తి బయటికి వచ్చేస్తున్నారు. ఇదివరకు ఆట మధ్యలో నవ్వులు, కేకలు వినిపించేవి. ఇప్పుడు తోటంతా నిశ్శబ్దంగా ఉండేది.

ఓడినవాళ్లు ఊరుకోలేదు. ఏప్రిల్ నాటికి మరో నలుగురు ఖరీదైన గన్‌లు తెప్పించుకున్నారు. పసుపు, ఆకుపచ్చ, వెండి రంగులు. గేటు దగ్గర అవన్నీ బుద్ధిగా రెండువందల డెబ్భై చూపించేవి. లోపలికి వెళ్లాక ఎవరి జేబులోంచి వాళ్లకు మర తిప్పే చిన్న కమ్మీ బయటికి వచ్చేది. ఏ గన్ కొన్నారన్నది ఇప్పుడెవరూ పట్టించుకోవడం లేదు. ఎంత వరకు తిప్పారన్నదే గుసగుసగా అడుగుతున్నారు.

సత్యకుమారి రాజుగారి దగ్గరికి రెండుసార్లు వెళ్లింది. మొదటిసారి ఆయన విని, పెద్దవాళ్ల ఆట, మనం ఎంతని చెప్తాం అన్నారు. రెండోసారి ఆమె ఓ అద్దె మాస్కు పట్టుకెళ్లింది. అద్దం మీద సన్నటి గీతలు సాలెగూడులా పరుచుకుని ఉన్నాయి. వేలితో నొక్కితే టిక్కుమంది.

"ఇవి మార్చాలండి. మే నెల ఎండలకి ఇంకా పెళుసవుతాయండి."

"ఆర్డరు పెట్టేనమ్మా, వస్తాయి," అన్నారు రాజుగారు. ఆయన చెడ్డవారు కాదు. వాన పడితే కూలీలను సగం పూటకే ఇంటికి పంపి పూర్తి కూలి ఇచ్చే మనిషి. కాని ఆ మాట అంటున్నప్పుడు ఆయన మాస్కు వైపు చూడలేదు. కిటికీలోంచి గేటు బయట వరసగా నిలబడ్డ కార్ల వైపు చూశారు.

మే నెల మూడో ఆదివారం పొద్దున్నే వడగాలి మొదలైంది. పది గంటలకే సిలిండర్లు ముట్టుకుంటే చేతులు కాలుతున్నాయి. ఎండకు గ్యాస్ ఒత్తిడి దానంతటదే పెరుగుతుంది, మర తిప్పకపోయినా వేగం హెచ్చుతుంది. ఆ సంగతి సత్యకుమారికి తెలుసు. గణేష్‌బాబు జట్టుకీ శివరామకృష్ణ జట్టుకీ ఆ రోజు పందెం కాసుకున్న ఆట. గ్యాస్ పట్టించుకోవడానికి నీలం గన్ మొదట వచ్చింది. ఆమె చేతులు చీరకు తుడుచుకుని వెనక్కి జరిగింది.

"నేను పట్టనండి."

గణేష్‌బాబు రాజుగారి వైపు చూశాడంతే. రాజుగారు ఆమెను పక్కకు పిలిచి, ఎండకు అలిసిపోయావు, ఇవాళ్టికి ఇంటికెళ్లమ్మా అన్నారు. గ్యాస్ పట్టడానికి వాచ్‌మన్‌ని పురమాయించారు. ఆమె గేటు దాటుతుంటే శివరామకృష్ణ ఎదురయ్యాడు. ఆయన సొంత మాస్కుకు ఆవిరి పడుతోందని అద్దె మాస్కు తీసుకుంటున్నాడు. అది వద్దండి అని ఆమె చెప్పాలనుకుంది. వెనకనుంచి రాజుగారి చూపు తన మీదే ఉందని తెలిసి, తల దించుకుని నడిచింది. ఆ పది అడుగులు ఆమె తర్వాత ఎన్నిసార్లు నడిచిందో లెక్కలేదు.

ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. కాలువ మలుపు దగ్గర టీ దుకాణంలో కూర్చుంది. నలభై నిమిషాలైందేమో. గణేష్‌బాబు తెల్ల కారు హారన్ నొక్కిపట్టుకుని వేమగిరి వైపు దూసుకుపోయింది. వెనక సీట్లో ఎవరో ఎవరి తలనో తువ్వాలుతో నొక్కి పట్టుకున్నారు. ఆ తువ్వాలు మీద ఉన్నది రంగో రక్తమో అర్థం కాలేదు.

తర్వాత తెలిసింది. ఎనిమిది అడుగుల దూరం నుంచి, నీలం గన్‌లోంచి ఒకదాని వెనక ఒకటి మూడు బాల్స్. మొదటిదానికి అద్దం పగిలింది. మూడోది కంట్లోకి వెళ్లింది. శివరామకృష్ణ కుడి కన్ను పోయింది.

మూడో రోజు సత్యకుమారి బస్సెక్కి రాజమండ్రి ఆసుపత్రికి వెళ్లింది. ఆయన భార్య మందులకు కిందికి వెళ్లింది. కట్టు కట్టిన తలను గోడవైపు తిప్పుకుని పడుకున్నాడాయన. ఆమె మంచం పక్కన నిలబడి, పోలీసులకు ఉన్నది ఉన్నట్టు చెప్పమని, మర తిప్పిన సంగతి తనకు తెలుసని, తనూ సాక్ష్యం చెబుతానని అంది.

ఆయన గోడ మీది సున్నాన్ని గోటితో గీకుతూ విన్నాడు.

"ఆ వెండి రంగు గన్ నాదే," అన్నాడు చివరికి. "మా జట్టు కుర్రాడి పేరు మీద తెప్పించేను, గేటు దాటేక నేను తీసుకునేవాణ్ని, మీ ఎవరికీ తెలియకుండా. రోజూ కొట్టించుకోలేక."

ఆమె పక్కనున్న స్టూలు మీద కూర్చుంది.

"నాది మూడొందల అరవై ఉంటుంది. ఆ రోజు ముందు నేనే కొట్టేను అతన్ని. మెడ మీద తగిలింది. అతను కోపంతో వచ్చేడు." ఒంటికన్ను ఆమె వైపు తిప్పాడు. "గణేష్‌బాబు మీద చెబితే నా సంగతీ బయటికి వస్తుంది. ఉద్యోగం పోతుంది. మాస్కు జారిపోయిందని రాసిచ్చేసేను."

అందం చూసి కొంటారన్న ఈ మనిషి తనే ఎందుకు కొన్నాడో సత్యకుమారి అడగలేదు. ఆ ప్రశ్నకు జవాబు ఆయన వీపు మీది కమిలిన మచ్చల్లో ఆమె ముందే చూసింది.

ఆ వారమే సత్తియ్య లారీ దిగి ఇంటికొచ్చాడు. రాజుగారు అతన్ని పిలిపించి మాట్లాడారు. ఎస్సై ఊరికే రాసుకోవడానికి వస్తాడని, మాస్కులు ఆ రోజు తనే తనిఖీ చేశానని సత్యకుమారి చెబితే చాలని, ఆమె మీదకి ఏమీ రాకుండా చూసుకుంటానని చెప్పారు. సత్తియ్య ఇంటికొచ్చి ఆ మాటలు అలాగే అప్పజెప్పాడు. చెప్పమని గానీ, వద్దని గానీ అనలేదు. అన్నం ముందు కూర్చుని, వచ్చే లోడు కూడా రాజుగారిదేనని మాత్రం అన్నాడు.

"ఆట మొదలయ్యేసరికి నేను అక్కడ లేనే లేను," అందామె.

"తెలుసు."

"లేనిదాన్ని ఉన్నానని ఎలా చెప్పమంటావు?"

సత్తియ్య కంచంలో నీళ్లు పోసుకుని లేచాడు. మర్నాడు పొద్దున ఆమె పోలీసు స్టేషనుకు వెళ్తుంటే పిలవకుండానే కూడా వచ్చాడు. ఆమె మిషను మీద చూసిన అంకెలు, గీరేసిన ఎర్రచుక్కలు, మాస్కు అద్దాలు, తనను ఇంటికి పంపేయడం, అన్నీ చెప్పింది. ఎస్సై మర్యాదగానే విన్నాడు. దెబ్బ తగిలినాయనే మాస్కు జారిందంటుంటే మీరెందుకమ్మా ఇంత దూరం వచ్చారు అన్నాడు. ఆమె చెప్పింది రాసుకున్నాడో లేదో తెలియదు. ఆ తర్వాత ఎవరూ ఆమెను పిలవలేదు.

సత్తియ్యకు రాజుగారి లోడు మళ్లీ రాలేదు. సత్యకుమారి కడియపులంకలో వేరే నర్సరీలో అంట్లు కట్టే పనికి చేరింది. అక్కడ కూలీలు మొదట్లో ఆమెతో ముభావంగా ఉండేవారు. మాస్కులు సరిగా చూడకపోవడం వల్లే లెక్చరర్‌గారి కన్ను పోయిందట అన్న మాట ఆమెకంటే ముందే ఆ షెడ్డుకు చేరింది. ఆమె ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు.

తోటలో ఆట నాలుగు నెలలు ఆగింది. దసరా నాటికి కొత్త బోర్డుతో మళ్లీ మొదలైంది. ఇదివరకటి కంటే ఎక్కువమంది వస్తున్నారని, భీమవరం నుంచి కూడా కార్లు వస్తున్నాయని సత్తియ్య ఎవరి దగ్గరో విని వచ్చి చెప్పాడు. గణేష్‌బాబు ఆడటం మానేశాడు. అతని నీలం గన్ కోసం మాత్రం నలుగురు పోటీపడ్డారట. కన్ను తీసిన గన్ అని దానికి పేరు. కొన్న ధర కంటే ఎక్కువ ఇచ్చి కాకినాడ మనిషెవరో పట్టుకుపోయాడు. మిగతావాళ్లు అలాంటిదే కావాలని సింగపూర్‌కు ఆర్డర్లు పెట్టుకున్నారు.

అది విన్న రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. ఒక మనిషి కన్ను పోతే జనం భయపడి ఆ గన్‌లు గోదాట్లో పారేస్తారని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది.

నవంబరులో ఒక మధ్యాహ్నం మోటారుసైకిల్ మీద ఓ మనిషి నర్సరీకి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, తెల్ల చొక్కా, మర్యాదైన మాట. తణుకులో ఎరువుల వ్యాపారమట. చంద్రరావు అని పేరు చెప్పి, సత్యకుమారిగారంటే మీరేనా అని అడిగాడు. వెనక సీటుకు కట్టిన పెట్టె విప్పి చూపించాడు. ఎర్రటి కొత్త గన్, ఇంకా ప్లాస్టిక్ కాగితం కూడా తియ్యలేదు.

"దీన్ని ఆ గన్‌లా కొట్టేలా చేసిపెట్టాలండి," అన్నాడు. "మీకైతే బాగా తెలుసని చెప్పేరు."

ఆమె బ్లేడు పక్కన పెట్టి లేచింది. ఆ గన్ ఏం చేసిందో మీకు తెలుసా అని అడిగింది.

"తెలుసండి. అందుకే కదండీ."

అతని ముఖంలో క్రూరత్వం ఏమీ లేదు. భయం ఉంది. ఏదో ఆదివారం ఆకుల కింద బోర్లా పడుకుని, దగ్గరికి వస్తున్న అడుగుల చప్పుడు విన్న మనిషి ముఖం అది. ఆమె కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. ఎంత తిప్పుకున్నా అవతలివాడు ఇంకొంచెం తిప్పుకుంటాడని, ఆడటం మానుకోమని, గన్ తిరిగి పంపేయమని చెప్పింది. అతను తలూపుతూ అంతా విన్నాడు. థాంక్సండి అన్నాడు. పెట్టె మళ్లీ కట్టుకుని వెళ్లాడు.

మోటారుసైకిల్ చప్పుడు దూరం పోలేదు. నర్సరీ వెనక కాలువ గట్టు మీద ఆగింది. కాసేపటికి కొబ్బరి మాను మీద బాల్ పగిలిన చప్పుడు వినిపించింది. తడిగుడ్డ రాతిమీద కొట్టినట్టు మెత్తగా ఉంది. కొంచెం ఆగి ఇంకొకటి. అది అంత మెత్తగా లేదు. మూడోది ఇంకా గట్టిగా. మధ్యలో ఎంతసేపు ఆగుతున్నాడో, ఆ సేపట్లో చేతులు ఏం చేస్తున్నాయో సత్యకుమారికి చూడకుండానే తెలుస్తోంది.

గట్టు వైపు వరసలో కూర్చుని అంట్లు కడుతున్న ఆడవాళ్లను ఆమె షెడ్డులోకి రమ్మని పిలిచింది. ఎందుకని ఎవరూ అడగలేదు. చేతిలో కొమ్మలు చేతిలోనే ఉండగా లేచి వచ్చారు. ఆమె అందరికంటే చివర లోపలికి వచ్చి, రేకు తలుపు దగ్గరికి లాగి, దానికి వీపు ఆనించి నిలబడింది. బయట చప్పుడు ఇప్పుడు చెక్క చీలుతున్నట్టు ఉంది.